కంటి కొలత - కాటా కొలత

పలాస స్టేషన్లో రైలు దిగిన వాళ్లు బోర్డు మీద ఊరి పేరు చదవనక్కర్లేదంటారు. వేడెక్కిన జీడిపిక్కల వాసనే ఊరి పేరు చెబుతుందట. ఏ కొట్టు ముందు నిలబడినా కొట్టు యజమాని "మాస్టారూ, ఈ సరుకు చూడండి" అంటూ అరచేతిలో నాలుగు గుళ్లు పోస్తాడు. కాదనటం మర్యాద కాదు. అటువంటి ఊళ్లో కాపురం ఉంటూ, "మీరు రోజుకు 1800 కాలరీలు మించకూడదు" అని డాక్టరుగారి చేత చెప్పించుకున్న మనిషి అవస్థ ఎలా ఉంటుందో మీరే ఊహించండి. ఆ మనిషిని నేనే.

నాకు నలభై ఆరేళ్లు. కాశీబుగ్గలో ఇల్లు, టెక్కలిలో కాలేజీ, వెళ్లిరావటం బస్సులో. పాఠం నిలబడి చెబుతాను గనుక నాది కూర్చుని చేసే ఉద్యోగం కాదని డాక్టరుగారితో వాదించి చూశాను. ఆయన నవ్వి, రక్తపరీక్ష కాగితం నావైపు తిప్పారు. చక్కెర గీత దాటలేదు గాని, గీత మీదే నిలబడి ఉంది. బరువు 78 కిలోలు. "మందు రాయను. మూడు నెలలు తిండి లెక్క రాసుకుని రండి" అన్నారు.

లెక్క రాయటం నాకు కొత్తా? ఇరవై ఏళ్లుగా పిల్లల మార్కులు కూడుతున్నవాణ్ణి. ఒక నోటుపుస్తకం కొన్నాను. మా అబ్బాయి ఫోనులో ఒక యాప్ పెట్టి ఇచ్చాడు. పేరు కొట్టి పరిమాణం చెబితే అది కాలరీలు చెబుతుంది. నలభై రోజులు ఒక్కపూట కూడా తప్పకుండా రాశాను. ఏ రోజూ 1800 దాటలేదు. నలభై ఒకటో రోజున కాటా ఎక్కితే 78న్నర!

"ఏమండీ, మీ లెక్క చిక్కింది గాని, మీరు చిక్కలేదు" అంది మా ఆవిడ.

ఇది ఇంతటితో ఆగి ఉంటే ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే కథ అయ్యేది. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే కవిటి వైపు మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో మరో నోటుపుస్తకం నిండుతోంది. ఆ పుస్తకం నవ్వుకోవటానికి వీలైనది కాదు.

మా ఉద్దానం సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల తీరభూమి ఇది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉద్యానవనంలా ఉంటుంది గనుకనే ఈ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఆ తోటలను నేలకూల్చింది. తుఫాను ఒక్కరోజు వచ్చి పోయింది. మూత్రపిండాల జబ్బు మాత్రం కొన్ని దశాబ్దాలుగా ఇక్కడే ఉంది. దానికి కారణం ఇదీ అని తిరుగులేకుండా ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. ఇక్కడ ఆ జబ్బు పేరు వినని గడప లేదు.

మా అన్నయ్యకూ అదే వచ్చింది. ఇంకా డయాలిసిస్ దాకా రాలేదు. ఉప్పు తగ్గించాలి, మాంసకృత్తులు కొలతగా తినాలి, కొబ్బరినీళ్లు వద్దు, జీడిపప్పు వద్దు అని డాక్టర్లు చెప్పారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, జీడిపప్పులో భాస్వరం ఎక్కువ. తన తోటలో కాసేవి రెండూ తనకే పనికిరాకుండా పోయాయన్నమాట. అయితే వాళ్లు మరొక మాట కూడా చెప్పారు. రోజుకు 1600 కాలరీలు తప్పకుండా లోపలికి వెళ్లాలి. శరీరానికి కావలసిన శక్తి తిండిలో దొరకకపోతే అది తన కండనే కరిగించి పొయ్యిలో పెట్టుకుంటుంది. వద్దన్నవి మాత్రం ఇంటిల్లిపాదికీ గుర్తున్నాయి. కావాలన్నది ఎవరికీ చెవికెక్కలేదు.

మా వదిన ఏడో తరగతి దాకా చదివింది. గుండ్రటి అక్షరాలతో రోజూ పుస్తకంలో రాసేది. కూడిక వేస్తే ఏ రోజు చూసినా 1600. మనిషి మాత్రం రెండు నెలల్లో 53 కిలోల నుంచి 50కి దిగాడు. చొక్కా భుజాల మీద నిలవటం లేదు. ఒకనాడు వాళ్లను ఆసుపత్రికి తీసుకువెళ్లటానికి నేను తోడు వెళ్లాను. అక్కడి ఆహార నిపుణురాలు చిన్నపిల్ల, నా శిష్యురాళ్ల ఈడుది. వదిన పుస్తకం నాలుగు పేజీలు తిప్పి ఒక్కటే ప్రశ్న వేసింది.

"అమ్మా, ఇది తిన్న లెక్కా, వడ్డించిన లెక్కా?"

వదిన జవాబు చెప్పలేదు. పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. నాకు మాత్రం ఆ ప్రశ్న నన్నే అడిగినట్టు గుచ్చుకుంది. ఇంటికి వచ్చేదారిలో బజారులో వంటింటి కాటా ఒకటి కాదు, రెండు కొన్నాను. ఒకటి వదినకు, ఒకటి మాకు.

ముందు నా లెక్క సంగతి చెబుతాను. మన తెలుగులో కొలతల మాటలు ఎంత అందమైనవో చూడండి. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు. ఇవన్నీ చేతి కొలతలే. గిద్ద, సోల, తవ్వ, మానిక అనేవి పాత్ర కొలతలు. అమ్మ చేతి పిడికెడు వేరు, నా పిడికెడు వేరు. సోలెడు మరమరాలూ సోలెడు బియ్యమూ ఒకే బరువు తూగుతాయా? వంట రుచికి ఈ కొలతలు చాలు. కాలరీలు మాత్రం బరువునే అడుగుతాయి. కంటితో చూసి "ఒక కప్పు" అని రాసినవాడు లెక్క రాయటం లేదు, కవిత్వం రాస్తున్నాడు. నలభై రోజులు నేను చేసింది అదే.

మొదటి తప్పు అన్నంలో దొరికింది. మధ్యాహ్నం నా వాటాకు మా ఆవిడ 150 గ్రాముల బియ్యం పోస్తుంది. నేను ఫోనులో "అన్నం, 150" అని కొట్టాను. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కాలరీలు గనుక అది 195 అని చెప్పింది. కాని బియ్యం ఎసట్లో నీళ్లు పీల్చి రెండున్నర, మూడు రెట్ల బరువుకు వస్తుంది గదా! 150 గ్రాముల బియ్యంలో ఉన్నవి 530 పైచిలుకు. నీళ్లకు కాలరీలు లేవు, బరువు మాత్రం ఉంది. బియ్యం తూచినవాడు బియ్యం అని రాయాలి, అన్నం తూచినవాడు అన్నం అని రాయాలి. ఈ ఒక్క మాట మారినందుకు రోజుకు 340 కాలరీలు నా పుస్తకంలోంచి మాయమయ్యాయి. కొబ్బరిదీ ఇదే కథ. పచ్చికొబ్బరి 100 గ్రాములు 400 పైన ఉంటే, నీరు ఆరిన ఎండుకొబ్బరి అదే బరువుకు 600 దాటుతుంది.

రెండోది నూనె. రోజుకు రెండు చిన్న చెంచాలని రాసుకున్నాను, అంటే 80 కాలరీలు. మా ఆవిడ పోపులో నూనె చెంచాతో పొయ్యదు, చేతివాటంతో పోస్తుంది. దీనికి కాటా కూడా అక్కర్లేదు, పచారీ కొట్టు చీటీ చాలు. నలుగురున్న మా ఇంట్లో, మిగిలిపోయి పారబోసిన నూనె తీసివేస్తే, నెలకు నాలుగు లీటర్లు ఖర్చు. మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు పడింది. నూనె గ్రాముకు 9 కాలరీలు గనుక 270. ఇక్కడ మరో 190 గల్లంతు.

మూడోది మా ఊరి మహాలక్ష్మి, జీడిపప్పు. రోజుకు పది గుళ్లు తింటున్నానని నిజాయితీగానే రాశాను. ఫోను పది గుళ్లంటే 15 గ్రాములనుకుని 85 కాలరీలు వేసింది. జీడిపప్పు వ్యాపారంలో 320, 240, 180 అని రకాలున్నాయి. ఆ అంకె ఏమిటయ్యా అంటే, ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గుళ్లు తూగుతాయన్నది. 320 రకంలో గుడ్డు ఒక్కొక్కటి గ్రామున్నరకు లోపు. 180 రకంలో రెండున్నర గ్రాములకు పైమాట. మాస్టారికి మర్యాద చెయ్యాలని కొట్టువాళ్లు పోసేది ఎప్పుడూ పెద్ద రకమే! పది గుళ్లు 26 గ్రాములు తూగాయి, అంటే 150 కాలరీలు. మర్యాద ఖరీదు 65.

మూడూ కూడితే 600 దగ్గరకు వచ్చింది. 1800 అని రాసిన మనిషి 2400 తిన్నాడు. కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2110, 55 కిలోల స్త్రీకి 1660 కాలరీలు చాలునని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. ఇక నేను చిక్కటం ఎలా సాధ్యం?

అబద్ధం రాశానా అంటే, లేదు. అదే విచిత్రం. 1992లో న్యూయార్కులో కొందరు వైద్యులు ఒక పరీక్ష చేశారు. 1200 కాలరీలకు లోపే తింటున్నాం, అయినా ఒళ్లు తగ్గటం లేదు అనే వాళ్లను తీసుకుని, శరీరం ఖర్చుచేసే శక్తిని ప్రత్యేకమైన నీటితో కొలిచారు. వాళ్లు తిన్నదానిలో సగటున 47 శాతం లెక్కలోకి రాలేదని తేలింది. వాళ్లు మోసగాళ్లు కారు. కన్ను తనకు ఇష్టమైనదాన్ని చిన్నదిగా చూస్తుంది, అంతే.

కాటా కొన్నాక నాకు కొంచెం గర్వం వచ్చింది. ఇక నా లెక్కకు తిరుగులేదనుకున్నాను. అప్పుడు పట్టికల చరిత్ర చదివి మళ్లీ కొంచెం తగ్గాను. ఇందులో మన హైదరాబాదుకు పెద్ద పేరే ఉంది సుమండీ. 1918లో కూనూరులో మెక్కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద ప్రారంభించిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. కూనూరులోనే 1937లో ఎక్రాయిడ్ మన ఆహారపదార్థాల విలువలతో ఒక చిన్న పుస్తకం వేశారు. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్‌ల పేర దాని పెద్ద రూపం వచ్చింది. 2017లో దేశాన్ని ఆరు ప్రాంతాలుగా చేసి, నమూనాలు తెప్పించి, 528 పదార్థాలకు కొత్త పట్టిక ప్రకటించారు. మన చోడులూ, మన పనసా, మన చేపలూ అందులో ఉన్నాయి. విదేశాల పట్టికలు నింపుకున్న ఫోను కంటే మన వంటింటికి అది దగ్గరి చుట్టం. ఒక్క జాగ్రత్త. అందులో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. బియ్యానికి 1490 దాకా కనిపిస్తే గుండె పట్టుకోకండి. 4.184తో భాగిస్తే 356 కాలరీలు వస్తుంది.

ఈ పట్టికలు ఎలా పుట్టాయి? పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ఆట్వాటర్ అనే ఆచార్యుడు ఆహారాన్ని మండించి వేడి కొలిచి, మనిషి విసర్జించినదాంట్లో మిగిలిన శక్తిని తీసివేసి, మాంసకృత్తులకు 4, పిండిపదార్థానికి 4, కొవ్వుకు 9 అని సగటు లెక్క కట్టాడు. నేటికీ ప్రపంచమంతా దాదాపు ఆ లెక్కే. సగటు లెక్క గనుక అది ఒక్కొక్క పదార్థం దగ్గర తప్పుతుంది. ఎక్కడ తప్పిందో తెలుసా? మన జీడిపప్పు దగ్గరే!

2019లో అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులు మనుషులకు జీడిపప్పు పెట్టి, ఎంత శక్తి ఒంటబట్టిందో కొలిచారు. 28 గ్రాములకు పట్టిక చెప్పేది 163 కాలరీలు. ఒంటబట్టినవి సగటున 137. అంటే 16 శాతం తక్కువ. మనిషికీ మనిషికీ కూడా తేడా ఉంది, 105 నుంచి 151 దాకా. పప్పులోని కొవ్వు కణాల గోడల మధ్య దాగి ఉంటుంది. మన పళ్లు నమలగలిగినంత మేరకే అది బయటపడుతుంది. బాదం మీద కూడా ఇటువంటి పరీక్షలే చేశారు. ముద్దగా నూరి పెట్టినప్పుడు మాత్రం పట్టిక లెక్కే నిజమైంది. ఈ వార్త చదివి మా ఆవిడకు వినిపించాను. "అయితే ఇంకో నాలుగు గుళ్లు తినొచ్చన్నమాట" అంది. ఆ మాట నా నోటంట రావలసినది.

మరి పట్టికలే తప్పితే తూచటం ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. పట్టిక తప్పు నా 150లో పాతిక. నా కంటి తప్పు రోజుకు 600. తూచినా పది శాతమో, ఇంకొంచెమో తేడా ఉండనే ఉంటుంది. రోజూ ఒకే పద్ధతిలో తూచి రాస్తే ఆ తేడా కూడా రోజూ ఒకే తీరున ఉంటుంది. పక్షానికోసారి బరువు చూసుకుని లెక్కను సవరించుకోవచ్చు. ఒకరోజు తూచి, ఒకరోజు ఊహించి రాస్తే ఆ పుస్తకం ఎందుకూ కొరగాదు.

కలిపి వండిన కూరకు లెక్క ఎలా అంటారా? మా ఇంటి పప్పు ఉదాహరణ చెబుతాను. ఖాళీ గిన్నె బరువు ముందే గోడమీద రాసిపెట్టాం. కందిపప్పు 200 గ్రాములు, అంటే 670 కాలరీలు. నూనె 20 గ్రాములు, 180. ఉల్లి, టమాటాలకు 50. మొత్తం 900. ఉడికాక గిన్నె బరువు పోను పప్పు 1200 గ్రాములు తూగింది. కనుక 100 గ్రాములకు 75. నా కంచంలో 160 గ్రాములు పడితే 120. చాలామందికి గరిటె లెక్కే అలవాటు. ఒకసారి మీ గరిటెను తూచి చూడండి. నిండు గరిటెకూ, అంచు గరిటెకూ ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

ఇక మా వదిన వంటింటికి వస్తాను. ఒక ఆదివారం కాటాతో వెళ్లి, ఆ పూటంతా పొయ్యి పక్కనే పీట వేసుకు కూర్చున్నాను. అన్నయ్యకు పూటకు 250 గ్రాముల అన్నం వడ్డించింది. పుస్తకంలో రాసేసింది. అన్నయ్య కలుపుతాడు, నాలుగు ముద్దలు తింటాడు, నోటికి సయించక లేస్తాడు. ఆ జబ్బులో ఆకలి చావటం మామూలే. కంచం మళ్లీ తూచాను. పగలు 90, రాత్రి 100 గ్రాములు మిగిలింది. అక్కడ 250 కాలరీలు. పొద్దున రాసినవి మూడు ఇడ్లీలు, తిన్నవి రెండు. మరో 60. ఆసుపత్రి కాగితంలో నూనె 30 గ్రాములని ఉంటే వదిన అలాగే రాసుకుంది. పోసింది మాత్రం 10 గ్రాములు కూడా లేదు.

"ఇదేమిటి వదినా?" అన్నాను.

"జబ్బు మనిషికి నూనె పడదని అందరూ అంటారు కదా బాబూ. నా చేత్తో నేను ఎలా పొయ్యను?" అంది.

ఆ 20 గ్రాముల నూనె 180 కాలరీలు. 1600 అని గుండ్రటి అక్షరాలతో రాసినది 1100 దగ్గర తేలింది. తుఫానుకు ముందు తోటలో గొప్పు తవ్వి, కాయ దింపి, బస్తాలు మోసిన మనిషి అతను. అంత కష్టం చేసే మగవాడికి రోజుకు 3470 కాలరీలు కావాలంటారు. నా పుస్తకంలో తిన్నది తక్కువగా పడింది. వదిన పుస్తకంలో తిననిది ఎక్కువగా పడింది. నా తప్పుకు శిక్ష అరకిలో పొట్ట. ఆవిడ తప్పుకు శిక్ష అన్నయ్య కండ. పైగా నాది ఆశవల్ల వచ్చిన తప్పు, ఆవిడది భయంవల్ల వచ్చినది.

ఆహార నిపుణురాలికి కొత్త లెక్క చూపించాం. ఆ పిల్ల మమ్మల్ని కోప్పడలేదు. మూడు పూటలను ఆరు చిన్న పూటలు చేసింది. మాంసకృత్తులు తక్కువగా ఉండి శక్తినిచ్చే సగ్గుబియ్యం రాసింది. నూనె చెంచాతో కాక కాటాతో పొయ్యమంది. వడ్డించినదీ మిగిల్చినదీ రెండు గళ్లలో రాయమంది. ఒక హెచ్చరిక కూడా చేసింది. ఈ జబ్బులో ఒంట్లో నీరు చేరినా బరువు పెరుగుతుంది గనుక, కాటా అంకె పెరగగానే సంతోషించవద్దనీ, కాళ్ల వాపు డాక్టరుగారికి చూపించుకోవాలనీ చెప్పింది. ఇవన్నీ అన్నయ్య రక్తపరీక్షలు చూసి అతనికి రాసిన సంగతులు. మరొకరు చూసి పాటించవలసినవి కావు. ఎవరి కాగితం వారిదే.

మూడు నెలలు గడిచాయి. నేను 75 కిలోలకు దిగాను. చక్కెర గీతకు కాస్త ఇవతలికి వచ్చింది. కొట్టువాళ్లు పోసే గుళ్లు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి తూచి తింటున్నాను. మాస్టారికి పిచ్చి పట్టిందని బజార్లో అనుకుంటున్నారు కాబోలు. అన్నయ్య జబ్బు పోలేదు, పోయేది కాదని మాకు తెలుసు. బరువు మాత్రం 50 దగ్గర నిలిచి, మొన్నటికి 51 అయింది. నీరు కాదని డాక్టరుగారు చూసి చెప్పారు. సాయంత్రాలు తోట గట్టుదాకా నడిచి వెళ్లి, తుఫాను తరువాత నాటిన కొబ్బరిమొక్కలు చూసి వస్తున్నాడు.

నిన్న రాత్రి వదిన ఫోను చేసింది. ఈ వేళప్పుడు ఫోనేమిటా అని కంగారు పడ్డాను.

"బాబూ, ఈ పూట మీ అన్నయ్య కంచంలో ఏమీ మిగల్లేదు. రెండో గడి ఖాళీగా ఉంచనా, సున్నా పెట్టనా?"

"సున్నా పెట్టండి వదినా. పెద్దదిగా పెట్టండి" అన్నాను.